కళా బృందాలకి గ్రాంట్లు: ఎక్కడున్నాయి, ఎట్లా అడగాలి

అనంతపురంలో నాటక సమాజాలు, జానపద కళాబృందాల కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టే

అందరికీ నమస్కారమండీ. హాలు చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఉరుము వాద్యం కొట్టే బృందాల వాళ్లు వచ్చారు, గొరవయ్య వేషం కట్టే పెద్దాయన ముందు వరసలోనే కూర్చున్నారు, ధర్మవరం పక్క నుంచి తోలుబొమ్మలాట కుటుంబాలు వచ్చాయి, ఇంక పౌరాణిక నాటకాలు ఆడేవాళ్లైతే సగం హాలు మీరే ఉన్నట్టున్నారు. కళ గురించి మీకు నేను చెప్పేదేం లేదు. నేను చూసేది దాని వెనకాల నడవాల్సిన కాగితాల పని, అప్లికేషన్లు, బడ్జెట్లు, లెక్కలు. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం, మధ్యలో డౌట్ వస్తే ఆపి అడగండి, చివరిదాకా దాచుకోవద్దు.

నేను ఏ ఊరెళ్లినా మొట్టమొదట నన్ను అడిగేది ఒకటే, "మేడం, గ్రాంట్ రావాలంటే ఎవర్ని పట్టుకోవాలి?" అని. నాకు చాలా బాధేస్తుంది ఈ మాట వింటే. అడిగేవాళ్లు ఎవరు, ముప్పై ఏళ్లు నలభై ఏళ్లు గజ్జె కట్టినవాళ్లు, తెల్లార్లూ పద్యం పాడి పొద్దున్నే మళ్లీ కూలికి పోయినవాళ్లు. వాళ్లు ఎవరి గుమ్మం ముందో చేతులు కట్టుకుని నిలబడి అడగాల్సిన డబ్బు కాదిది. కేంద్ర సంస్కృతి శాఖ బడ్జెట్లో ఈ పని కోసమే పద్దు ఉంది, అది మనందరం కట్టే పన్ను డబ్బు. పాతకాలంలో మనకి మిరాశి అని ఉండేది కదా, చిందు భాగోతం ఆడేవాళ్లకి, పటం పట్టి కథ చెప్పేవాళ్లకి ఫలానా ఊళ్లు మీవి అని హక్కు ఉండేది, వీళ్లు ఆ ఊరికి వెళ్లి ఆడాలి, ఊరు ఇవ్వాల్సింది ఇవ్వాలి, కొందరి దగ్గర దానికి రాగిరేకులు కూడా ఉండేవి. ఆడే బాధ్యత వీళ్లది, ఇచ్చే బాధ్యత ఊరిది. గ్రాంటుని కూడా అట్లాగే చూడమంటాను నేను. ఆ రాగిరేకు ఉండే చోట ఇప్పుడు మీ ఫైలు ఉండాలి, అంతే. ఇన్ని శాతం ఇస్తే శాంక్షన్ చేయిస్తాం అని తిరిగేవాళ్లు ప్రతి జిల్లాలో ఉంటారు, వాళ్లని గడప తొక్కనీయొద్దు.

సరే, డబ్బు ఎక్కడెక్కడ ఉందో చూద్దాం.

ముందు కేంద్రం. సంస్కృతి శాఖలో కళా సంస్కృతి వికాస్ యోజన అని పెద్ద పథకం ఒకటుంది, దాని కింద చిన్న పథకాలు చాలా ఉన్నాయి గానీ మనకి పనికొచ్చేవి మూడే అనుకోండి. ఒకటి కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్. కొత్త నాటకం వెయ్యాలన్నా, ఉత్సవం చెయ్యాలన్నా, వర్క్‌షాపు, సెమినారు, ఎగ్జిబిషన్ పెట్టాలన్నా దీనికి అప్లై చెయ్యొచ్చు. మామూలుగా 5 లక్షల దాకా, మరీ ప్రత్యేకమైన సందర్భాల్లో 20 లక్షల దాకా ఇస్తారు. సంస్థ రిజిస్టరై 3 ఏళ్లు నిండుండాలి. పైగా మొత్తం ఖర్చంతా వాళ్లే ఇవ్వరు, కొంత భాగం మీరు పెట్టుకోవాలి, టిక్కెట్లో చందాలో ఏదో ఒకటి, అది ఎక్కడినుంచి తెస్తారో ముందే రాయాలి.

రెండోది గురు శిష్య పరంపర. ఇంతకుముందు రెపర్టరీ గ్రాంట్ అనేవాళ్లు, మన సమాజాల్లో ఇప్పటికీ ఆ పేరే నడుస్తోంది. గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000 దాకా. అన్నిట్లోకీ నాకు ఇదే ఎక్కువ ఇష్టమండీ. ఉత్సవానికి 5 లక్షలు వస్తే టెంటు, మైకు, భోజనాలు, షీల్డులు, ఫ్లెక్సీలు, ఒక్క రాత్రిలో అయిపోతుంది, పొద్దున లేస్తే కళాకారుడి చేతిలో ఏం మిగలదు. ఇదైతే నెలనెలా ఒక మనిషి చేతికి వస్తుంది, ఒక పిల్లాడు ఏడాదంతా ఆ గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు. ఉరుము కొట్టే వేళ్లు తర్వాతి తరంలో ఉండాలంటే అడగాల్సిన గ్రాంటు ఇదీ. కానీ మన దగ్గర పదిమంది ఉత్సవానికి అడిగితే ఒకరు దీనికి అడుగుతారు, ఎందుకంటే ఉత్సవంలో స్టేజి ఉంటుంది, దండలుంటాయి.

మూడోది బిల్డింగ్ గ్రాంట్, మెట్రో నగరాల్లో 50 లక్షల దాకా, మనలాంటి ఊళ్లలో 25 లక్షల దాకా. రిహార్సల్ హాలు, చిన్న థియేటరు కట్టుకోవడానికి. స్థలం కాగితాలు క్లియర్‌గా ఉన్నవాళ్లు మాత్రమే దీని జోలికి వెళ్లండి.

ఆ తర్వాత జోనల్ కల్చరల్ సెంటర్లు. దేశం మొత్తం మీద 7 ఉన్నాయి, తంజావూరులో దక్షిణ మండలం, నాగపూర్‌లో దక్షిణ మధ్య మండలం, ఆంధ్రా తెలంగాణా రెండూ ఈ రెండింట్లోనూ సభ్యులే, అంటే మనకి రెండు తలుపులున్నాయి. వీళ్లు బృందాల్ని ఇతర రాష్ట్రాల్లో జరిగే ఉత్సవాలకి పిలుస్తారు. వీళ్లకీ గురు శిష్య పరంపర అనే పథకం వేరే ఉంది, పేరు ఒకటే కాబట్టి జాగ్రత్త, అక్కడ గురువుకి 7,500, పక్క వాద్యానికి 3,750, శిష్యుడికి 1,500. ఒక దాని ఫారం ఇంకొక దానికి పంపి ఏడాది పోగొట్టుకున్నవాళ్లని చూశాను. సంగీత నాటక అకాడమీ కూడా శిక్షణకీ ప్రొడక్షన్లకీ సంస్థలకి సాయం చేస్తుంది.

సంస్థ లేకపోయినా ఒక్కో మనిషికి విడిగా వచ్చేవి ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ల పిల్లలకి స్కాలర్‌షిప్, నెలకి 5,000 చొప్పున 2 ఏళ్లు. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకి జూనియర్ ఫెలోషిప్ నెలకి 10,000, 40 దాటినవాళ్లకి సీనియర్ ఫెలోషిప్ 20,000, ఇవీ రెండేళ్లే. వీటిని సీసీఆర్టీ అని ఢిల్లీలో సంస్థ చూస్తుంది. 60 దాటి ఆదాయం తక్కువున్న కళాకారులకి నెలకి 6,000 దాకా సాయం చేసే పథకం కూడా ఉంది. రాష్ట్రంలో భాషా సాంస్కృతిక శాఖ, కళాకారుల పింఛను, అవన్నీ మీకు తెలిసినవే.

తోలుబొమ్మల కుటుంబాల వాళ్లకి మాత్రం ఒక మాట విడిగా చెప్పాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు ఆడించేవాళ్లే ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు కదా. ఆట సంస్కృతి శాఖ కిందకి వస్తుంది, ల్యాంప్‌షేడ్ హస్తకళ, అది జౌళి శాఖలో డెవలప్‌మెంట్ కమిషనర్, హ్యాండీక్రాఫ్ట్స్ కిందకి వస్తుంది. అక్కడ పెహచాన్ కార్డు, అంటే హస్తకళాకారుల గుర్తింపు కార్డు ఇస్తారు, ఎగ్జిబిషన్లలో స్టాలు, శిక్షణ, పనిముట్లు లాంటివన్నీ ఆ దారిలోనే. ఒకే ఇంట్లో ఒకే తోలు మీద చేసే పనే అయినా ఆఫీసులు రెండు. రెండు చోట్లా అడగండి, కానీ ఒకే ఖర్చు రెండు చోట్లా రాయొద్దు.

ప్రభుత్వం బయట చూస్తే బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, 1993లో పెట్టారు. మనకి దగ్గర ఊరు, అయినా మనవాళ్లు అప్లై చేసేది తక్కువ. వాళ్లు సంస్థ నడపడానికి ఇవ్వరు, ఒక ఆలోచనకి ఇస్తారు, పరిశోధన కావొచ్చు, కొత్త ప్రయోగం కావొచ్చు. అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే ప్రపోజల్ తెలుగులో రాసి పంపొచ్చు. ఏ భారతీయ భాషలో అయినా తీసుకుంటారు. ఇది నేను ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు, నిజమేనా అని రెండోసారి అడుగుతారు, నిజమే.

ఇంక సీఎస్సార్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్. నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ అయితే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఏ పనులకి పెట్టొచ్చో ఏడో షెడ్యూల్లో ఉంది, అందులో కళలు, సంప్రదాయ కళలు, హస్తకళలు, వారసత్వ కట్టడాలు అని స్పష్టంగా రాసుంది. డబ్బు ఎక్కువగా చదువుకీ వైద్యానికీ పోతుంది, అది వాస్తవమే, అయినా తలుపు మూసి లేదు. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, కంపెనీ తను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెప్తోంది, అందుకని ముంబై హెడ్డాఫీసుకి ఉత్తరాలు రాసే ముందు మీ మండలంలో, పక్క మండలంలో ఏ ఫ్యాక్టరీ ఉంది, ఏ సోలార్ ప్లాంటు ఉంది చూడండి, అక్కడి హెచ్చార్ ఆఫీసర్ని మీ రిహార్సల్‌కి పిలవండి. రెండోది, ఒక్కరోజు కార్యక్రమాలు, అవార్డు ఫంక్షన్లు, స్పాన్సర్‌షిప్‌లు సీఎస్సార్ లెక్కలోకి రావని 2014లోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. మా వార్షికోత్సవానికి సీఎస్సార్ ఇవ్వండి అని అడిగితే, పాపం ఆ ఆఫీసర్‌కి ఇష్టం ఉన్నా ఇవ్వలేడు. ప్రభుత్వ స్కూళ్లలో ఏడాది పొడుగునా చెక్కభజన నేర్పిస్తాం అనండి, వింటాడు. దీనికి మీ సంస్థకి ఇన్‌కంటాక్స్ వాళ్లిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్సార్-1 ఫారం ఫైల్ చేసి నంబర్ తెచ్చుకోవాలి.

(సభలోంచి ఒకరు: మేడం, మా ఊరివాళ్లు అమెరికాలో ఉన్నారు, తలా కొంచెం వేసి పంపిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?)

మంచి ప్రశ్న అన్నా, దీనిమీద చాలామందికి తెలీక ఇబ్బందుల్లో పడతారు. పంపే మనిషి పాస్‌పోర్ట్ ఏది అన్నది ముఖ్యం. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారంటే, మన ఊళ్లోనే పుట్టినా, ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు కార్యక్రమాల మీద ఖర్చుపెట్టి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. చిన్న బృందానికి అంత బరువు అవసరమా అనిపిస్తుంది నాకు. వాళ్లు మిమ్మల్ని పిలిపించుకుని ప్రదర్శన పెట్టించి పారితోషికం ఇస్తే అది వేరే లెక్క, చేసిన పనికి ఫీజు. అయినా ముందు మీ సీఏ గారిని అడిగి గానీ అడుగెయ్యొద్దు, మొహమాటానికి మీ పర్సనల్ ఖాతాలో వేయించుకుని తర్వాత సంస్థకి మార్చుకుందాం అని అసలు అనుకోవద్దు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన ప్రతి చోటా అడిగేది ఇంచుమించు ఒకే కాగితాలు. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే దొరకనివి కూడా ఇవే. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేసుకున్న సర్టిఫికెట్, బైలాలు అంటే సంస్థ నియమావళి, సంస్థ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, నీతి ఆయోగ్ వాళ్ల ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో యూనిక్ ఐడీ. ఏటా జనరల్ బాడీ పెట్టి కమిటీ లిస్టు రిజిస్ట్రార్ దగ్గర వెయ్యాలి, ఇది మాత్రం మన సమాజాలు పదేళ్లకోసారి గుర్తు చేసుకుంటాయి. అధ్యక్షుడు చనిపోయి నాలుగేళ్లయినా బ్యాంకులో ఆయన సంతకమే ఉంటుంది, అప్పుడు గ్రాంటు వచ్చినా తీయలేరు. మినిట్స్ బుక్కులో తీర్మానం లేకపోతే సంతకం మారదు. ఇది రేపే చెయ్యగలిగిన పని, ఖర్చు లేదు, ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు.

బడ్జెట్ ఎట్లా రాయాలో ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను. ఒక తోలుబొమ్మలాట కుటుంబం ప్రపోజల్ తెచ్చారు. బడ్జెట్ అని ఒకే లైను ఉంది, "రామాయణం ప్రదర్శన ఖర్చు 5 లక్షలు." కూర్చుని విప్పాం. కొత్త బొమ్మలు ఎన్ని? రావణుడు, హనుమంతుడు మనిషంత బొమ్మలు, ఒక్కోదానికి ఎన్ని మేక తోళ్లు పడతాయి? తోలు నానబెట్టి, బొచ్చు గీకి, బిగదీసి ఎండబెట్టడానికి ఎన్ని రోజులు, ఎంతమంది? గీత గీసేది ఎవరు, ఉలితో చిల్లులు కొట్టేది ఎవరు, రెండు వైపులా రంగు వేసేది ఎవరు? రంగులు, వెదురు బద్దలు, తెర గుడ్డ, లైట్లు. హార్మోనియం, మద్దెల, తాళాలు. అన్నీ రాసుకున్నాక చూస్తే ఇంట్లోవాళ్ల కూలి ఎక్కడా లేదు. అడిగితే ఆ ఇంటి పెద్దావిడ, "మా పనికి మేమే కూలి రాసుకుంటామా అమ్మా" అంది. ఆమె చిల్లులు కొడుతుంది, రంగు వేస్తుంది, తెర వెనక సీత గొంతు, మండోదరి గొంతు అన్నీ ఆమెవే. ఆమెకి లెక్కలో ఒక్క రూపాయి లేదు, టెంటు హౌసుకి మాత్రం 40,000 ఉంది! ముందు ఆమె కూలి రాశాం, రోజుకింత అని, పాడినందుకు వేరే. కొడుకు కోడలిది రాశాం. అన్నీ న్యాయంగా వేస్తే రామాయణం మొత్తానికి ఆ డబ్బు చాలదని తేలింది, అందుకని లంకాదహనం ఒక్క ఘట్టమే చేస్తాం, నాలుగు ఊళ్లలో ఆడతాం అని మార్చాం. కమిటీలో కూర్చునేవాళ్లు కళ తెలిసినవాళ్లే, తోలు ధర, రోజుల లెక్క చూస్తే ఈ మనిషి నిజంగా బొమ్మ చేసే మనిషే అని వాళ్లకి అర్థమవుతుంది.

ప్రపోజల్ రాసేటప్పుడు "భారతీయ సంస్కృతి అతి ప్రాచీనమైనది" అని మొదలుపెట్టొద్దు దయచేసి. వచ్చిన వాటిల్లో చాలావాటి మొదటి వాక్యం అదే. మీరు ఏం చేస్తారు, ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎంతమందితో, అది చెప్పండి ముందు. ఒక గ్రాంటు కోసం మీ కళని వంచొద్దు కూడా. ఈ ఏడు స్వచ్ఛత మీద అంటే బొమ్మలతో చీపురు పట్టించడం, వచ్చే ఏడు ఇంకోటంటే అది, ఇట్లా పోతే పదేళ్లకి మీ కథలు మీకే గుర్తుండవు. మీరు ఎట్లాగూ చేసే పనికి సరిపోయే పథకం వెతకండి, దొరక్కపోతే ఆ ఏడాది అడక్కండి.

(సభలోంచి: మాకు ఇంగ్లీషు రాదు కదమ్మా, ఎట్లా రాసేది?)

పెద్దాయనా, మీరు ఫోన్లో తెలుగులో మాట్లాడి రికార్డు చెయ్యండి. నేను ఫలానా, మా నాయన ఇది ఆడేవాడు, ఇప్పుడు ఇట్లా చెయ్యాలనుకుంటున్నా అని పది నిమిషాలు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు, వాళ్లు రాస్తారు. కానీ ఒక షరతు, మీరు చెప్పిందే రాయాలి, పెద్ద పెద్ద మాటలు కలపకూడదు, పంపేముందు మీకు తెలుగులో చదివి వినిపించాలి. మీరు సంతకం పెట్టే కాగితంలో ఏముందో మీకు తెలిసి తీరాలి.

డబ్బు వచ్చాక సంగతి. ప్రొడక్షన్ గ్రాంటు రెండు విడతల్లో వస్తుంది, రెండోది మీరు లెక్కలు పంపాకే. ఆ రెండో విడత మీద ఆశతో వడ్డీకి తెచ్చి ఖర్చుపెట్టొద్దు, ఇది నేను చేతులు జోడించి చెప్తున్నాను, ఎందుకంటే ఆలస్యం అవుతుంది, నెలలు పడుతుంది, ఈలోపు వడ్డీ కట్టేది మీ ఇంట్లోవాళ్లు. మొదటి విడతతో ఎంత అవుతుందో అంతలో ప్రదర్శన ఉండేలా ప్లాన్ చేసుకోండి. లెక్కలంటే యూసీ, యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన డబ్బు దానికే ఖర్చుపెట్టామని రాసిచ్చేది, 12ఏ అనే ఫారంలో రాయాలి. ఇన్‌కంటాక్స్ 12ఏ వేరు, ఇది వేరు, కంగారు పడొద్దు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి, సీఏ సంతకంతో. పాత యూసీ పెండింగ్ ఉంటే కొత్త గ్రాంటు రాదు.

దానికోసం ప్రదర్శన జరిగిన రాత్రే కూర్చోవాలి. మైక్‌సెట్ ఆయన వెళ్లిపోకముందే బిల్లు, మేకప్ ఆయన దగ్గర రసీదు, 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం. వీలైనంత వరకు బ్యాంకులోనే వెయ్యండి, మద్దెల వాయించే ఆయనకి ఖాతా లేకపోతే ముందే తెరిపించండి. బ్యానర్ కనపడేలా ఫోటోలు, జనం కనపడేలా ఫోటోలు, మర్నాడు పేపర్లో వచ్చిన కటింగ్ తేదీతో సహా. ఆర్నెల్ల తర్వాత అవే బిల్లుల కోసం వెళ్తే ఆ టెంటు హౌసే ఉండదు.

గ్రాంటు మీదే బతకాలని మాత్రం అనుకోవద్దు. సురభి వాళ్లని చూడండి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారు, తరతరాలు టిక్కెట్టు మీదే సంసారాలు నడిచాయి, ప్రభుత్వ సాయం చాలా తర్వాత వచ్చింది. మన దగ్గర టిక్కెట్టు పెట్టడమంటే ఇప్పుడు నామోషీ అయిపోయింది, అంతా ఉచిత ప్రవేశమే. పది రూపాయలైనా పెట్టండి. ఆ డబ్బు లెక్కలో కూడా వస్తుంది, మీ వాటా కింద చూపించొచ్చు, పైగా ఊరు కొని చూసిన నాటకం అని కమిటీకి ఒక సాక్ష్యం.

సరే, టైమైంది, భోజనాలు పెడుతున్నారు. తిన్నాక మూడు ల్యాప్‌టాపులు పెడతాం, దర్పణ్ రిజిస్ట్రేషన్ లేని సంస్థలకి ఇక్కడే చేసేద్దాం. సంస్థ పాన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఆఫీస్ బేరర్ల ఆధార్, పాన్ తెచ్చినవాళ్లు ముందు రండి. ఓటీపీ వస్తుంది కాబట్టి ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి, ప్లగ్గులు కిటికీ పక్కన ఉన్నాయి. అధ్యక్షుడి పేరు మార్చాల్సిన సమాజాలు ఆ రెండో బల్ల దగ్గరికి వెళ్లండి, తీర్మానం నమూనా అక్కడ ఇస్తారు.